పడమటి గోడ చెమ్మ

మౌలాలికి ఆ గోడ మీద విసుగు పుట్టింది. విసుగు ముదిరి చివరికి ఏడుపొచ్చింది.

ఊరి చివర ఫకీర్లు ఉండే ఖాన్‌ఖాలో, గురువు సత్తార్ షా గారు పడుకునే గదికి పడమటి గోడ అది. పాత రాతికట్టు, సందుల్లో మట్టి, పైన సున్నం. దాని అడుగున చెమ్మ పట్టింది. సున్నం పెచ్చులుగా రాలుతోంది, రాలిన చోట తెల్లగా ఉప్పు పూస్తోంది. ఆ గోడ పక్కనే చాప మీద పడుకునే గురువుగారికి దగ్గు పట్టుకుంది. గది మారకపోతే మనిషి దక్కడని వైద్యుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు. గురువుగారు మారనన్నారు. ఆయన తన గురువు దగ్గర చదువుకున్న గది అది.

ఇక గోడే బాగుపడాలి. ఆ పని శిష్యుడు మౌలాలి నెత్తిన పడింది.

మిద్దె కారుతోందేమోనని పైకెక్కి గచ్చు వేశాడు. వాన నీళ్ళు దిగే గొట్టం మార్చాడు. ఎవరో చెబితే లోపలివైపు సిమెంటు పూశాడు. కొన్నాళ్ళు గోడ బుద్ధిగా ఉన్నట్టే కనిపించింది. తర్వాత చెమ్మ సిమెంటు అంచు దాటుకుని ఇంకా పైకెక్కింది. ఎండాకాలం వచ్చి ఊళ్ళో బావులు ఎండాయి గానీ ఆ గోడ ఎండలేదు. గోడలకు చెవులుంటాయంటారు. దీనికి నోరు కూడా ఉంటే ఎంత బాగుండేదో!

ఇంత అలసటలోనూ మౌలాలి గురుసేవ తప్పలేదు. నమాజుకు ముందు గురువుగారు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కుని వుజూ చేసుకునేటప్పుడు చెంబుతో నీళ్ళు పోసేది అతనే. కింద తాంబాళంలో పడిన ఆ నీళ్ళను పదిమంది తొక్కే చోట పారబోయడానికి అతనికి మనసొప్పేది కాదు. గది వెనక్కి తీసుకెళ్ళి, ఎవరి అడుగూ పడని గోడ వారన భక్తిగా పోసి వచ్చేవాడు. అయిదు పూటలా అంతే. మండుటెండల్లో కూడా అక్కడ పచ్చగా నాచు ఉండడం చూసి, ఇదంతా గురువుగారి మహిమేనని మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం గురువుగారి దగ్గు ఎంతకీ ఆగలేదు. మౌలాలి చేతిలోని తాపీ కింద పడేశాడు.

"నాతో కాదు హజ్రత్. నన్ను పంపించేయండి. మీరు ఇట్లా దగ్గుతాంటే నేను సూడలేను."

సత్తార్ షా గారు చాప మీద నుంచి మెల్లగా లేచారు. ఆయనా అలసిపోయి ఉన్నారు.

"నమాజు వేళయింది. కూర్చో. ఈ పూట నీకు నేను పోస్తా."

"అయ్యో, మీరా!"

"కూర్చో నాయనా."

సిగ్గుతో చచ్చిపోతూ కూర్చున్నాడు మౌలాలి. గురువుగారు చెంబు వంచారు. నీళ్ళు సగం చేతుల మీద, సగం ఒళ్ళో పడ్డాయి. కాళ్ళు కడగడం అయ్యాక ఆయన వంగి తాంబాళం ఎత్తుకున్నారు. అతను అందుకోబోతే తల అడ్డంగా ఊపారు. దగ్గుకుంటూ, మెల్లగా గది వెనక్కి నడిచి, గోడ వారన నిలబడి తాంబాళం వంచబోయారు.

మౌలాలి పరుగున వచ్చాడు.

"ఆడొద్దు హజ్రత్! అవి నా కాళ్ళు కడిగిన నీళ్ళు. యాడన్నా పారబోయచ్చు. గోడ మొదట్లో పోస్తే గోడ నానిపోదా?"

అన్నాక తన మాట తనకే వినబడింది. నాచు వైపు చూశాడు.

గురువుగారు ఆయాసం తీర్చుకుని, తాంబాళం అతని చేతుల్లో పెట్టారు.

"నావీ నీళ్ళే నాయనా."

ఆ సాయంత్రం గురువుగారి వుజూ నీళ్ళను మౌలాలి వీధిలోకి తీసుకెళ్ళాడు. పదిమంది తొక్కే చోటే పారబోసి, దుమ్ములో అవి ఇంకిపోయేదాకా నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, తాపీ అందుకుని, లోపలి చెమ్మ బయటికి ఆరిపోయేలా, తాను పూసిన సిమెంటును గీకడం మొదలుపెట్టాడు.