ఉల్యానా విన్న కథ

అన్యాయం జరిగింది బట్టలుతికే ఉల్యానాకి. 1863 చలికాలంలో. పటాలానికి వెళ్ళాల్సిన వంతు పిండిమర యజమాని కొడుకుది. ఊరిపెద్దలు అతన్ని దాచేసి, ఈమె ఒక్కగానొక్క కొడుకుని పట్టి ఇచ్చారు. వాడు తిరిగి రాలేదు.

పదకొండేళ్ళ తర్వాత గ్లేబ్ ఆ సంగతి కథగా రాశాడు. ఆ రష్యన్ పల్లెలోనే ఉంటున్న ముసలి రచయిత అర్సేనీ ల్వోవిచ్ దగ్గర శిష్యుడతను. కథ చివర ఆ తల్లి మంచులో మోకరిల్లి అందర్నీ క్షమించేస్తుంది. రాస్తూ తనే ఏడ్చాడట. ఆడవాళ్ళ చేత క్షమింపజేయడం మగవాళ్ళకి ఎంత సులువో!

"రేపటి టపాలో పత్రికకి పంపుతున్నానండీ. మీరొక్క మాట రాసిస్తే తప్పకుండా వేస్తారు."

ముసలాయన కలం తీసుకోలేదు. చేతికర్ర తీసుకున్నాడు. "ఆ కాగితాలు పట్టుకుని రా."

ఏటి మీది పొగమంచు ఇంటి వెనక పెరట్లోకి వచ్చేసింది. మనుషులు నీడల్లా ఉన్నారు. కత్తుల చప్పుడు మాత్రం ఎక్కడో నిద్రలో విన్నట్టు వినిపిస్తోంది. చలికాలానికి క్యాబేజీ ఊరవేసే రోజులవి. ఆడవాళ్ళు కొయ్యతొట్టి చుట్టూ చేరి తరుగుతున్నారు. వాళ్ళలో ఉల్యానా.

"ఉల్యానా, మావాడు కథ చదువుతాడు, వింటావా?" అన్నాడు ముసలాయన.

"చేతులకే పని బాబూ, చెవులు ఖాళీయే. చదవమను."

గ్లేబ్ చదివాడు. ఒక్కొక్క కత్తీ ఆగింది. ఉల్యానాది ఆగలేదు.

అంతా అయ్యాక ఆమె తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

"ఎవరో మహాతల్లి! ఏ ఊరావిడ?"

గ్లేబ్ చివరి కాగితం మళ్ళీ చూసుకున్నాడు.

"నాకూ అలాగే జరిగిందిలే. నేను మాత్రం ఆ మరలో పిండి ఇప్పటికీ ముట్టను. గింజలు ఆమడ దూరం మోసుకెళ్ళి వేరేచోట ఆడించుకుంటా."

"దారిపొడుగునా తిడుతూ పోతుంది," అంది పక్కావిడ.

"తిట్టకపోతే కాళ్ళు కదలవే మరి!"

పెరడంతా నవ్వింది. గ్లేబ్ కాగితాలు మడిచేశాడు.

ముసలాయన తొట్టి పక్కనున్న కత్తి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"నేనేం చెయ్యాలండీ?"

"తరుగు. ఆవిడ మాట్లాడుతుంది."

పొద్దు గుంకేదాకా తరిగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. పొగమంచులోంచి ఆమె గొంతు వస్తూనే ఉంది.

మర్నాడు టపాబండి గ్లేబ్ కథ లేకుండానే వెళ్ళిపోయింది. గ్లేబ్ కొత్త పుస్తకంలో ఒక్క వాక్యం రాసి, కింద తేదీ వేశాడు.

ఉల్యానా ఈ రోజు వరకూ క్షమించలేదు.

సెప్టెంబరు 27, 1874.