రామభద్రం చెరువు

అనంతశయనం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. విశ్వవిద్యాలయం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మనిషి, మాటలకు కరువు లేదు. పాఠం మొదలుపెడితే గంట కొట్టినా ఆపేవారు కారు. కానీ పుస్తకంలో లేని ప్రశ్న వస్తే మాత్రం మాటలు కట్టిపెట్టి, "పద" అని బయలుదేరేవారు. ఆయన వెంట నడిచి ఎండకు సొమ్మసిల్లిన శిష్యులున్నారు గాని, వాదించి గెలిచినవాళ్ళు లేరు.

ఆయన దగ్గర ఎమ్మెస్సీ చదువుతున్న హైమావతి అడిగింది అలాంటి ప్రశ్నే. "మాస్టారూ, నేను బాగా డబ్బున్నదాన్ని కావాలి. తిండికీ బట్టకీ సరిపోయేంత కాదు, జిల్లా అంతా చెప్పుకునేంత. దానికి ఈ చదువుతో పనుందా?" ఆ మాట అనడానికి ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు. అద్దె ఇళ్ళు మారి మారి పెరిగిన పిల్ల. డబ్బంటే ఇష్టం లేనట్టు మాట్లాడేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మంట.

ప్రశ్న వెనక వరహాలరాజు గారున్నారు. కాలవ పొడుగునా ఆయనవి రొయ్యల చెరువులే. కాలేజీ వార్షికోత్సవంలో ఆయన మైకు పట్టుకుని, "నేను తొమ్మిదో తరగతి దాటలేదు. డిగ్రీలున్నవాళ్ళు ఇవాళ నా దగ్గర జీతానికి పనిచేస్తున్నారు" అంటే హాలంతా చప్పట్లు. వేసవిలో తన చెరువుల మీద పని నేర్చుకోవడానికి వచ్చిన హైమ చొరవ చూసి, ఆయనకు ముచ్చటేసింది. కొత్త చెరువులో వాటా ఇస్తానన్నారు. షరతు ఒకటే. ఎమ్మెస్సీ మానేసి ఇప్పుడే వచ్చేయాలి. ఇంకో ఏడాది మిగిలిన చదువు ఒక పక్క, కళ్ళెదుట చెరువు ఒక పక్క. రాత్రుళ్ళు నిద్ర పట్టక ఆమె ముఖం పీక్కుపోయింది.

మాస్టారు అంతా విని చెప్పులు వేసుకున్నారు. ఇద్దరూ బస్సెక్కి చెరువుల దగ్గర దిగారు.

"అమ్మాయిని చెడగొడుతున్నానని తగువుకొచ్చారాండీ?" అని నవ్వుతూ కొబ్బరి బొండాలు కొట్టించారు రాజుగారు.

"చెరువులు చూద్దామని వచ్చాం," అన్నారు మాస్టారు.

గట్టు మీద నడుస్తూనే రాజుగారు పనివాళ్ళకు కేకలు వేస్తున్నారు. సత్యవతి చెరువులో నీటికి గాలి పట్టే ఏరేటరు ఆగింది, చూడండి. పెదసుబ్బయ్య చెరువుకి మేత తగ్గించండి. ఆ పేర్లు హైమ వేసవంతా విన్నవే. వీధులకు పేర్లున్నట్టు చెరువులకూ ఉంటాయనుకుంది.

"రామభద్రం చెరువుకి నీళ్ళు పెట్టారా?" అని మళ్ళీ కేక వేశారాయన.

"ఆయ్, పెడుతున్నానండి," అని మోటారు పక్కనుంచి ఒక ముసలాయన పలికాడు. హైమ ఆయన్ను ఎన్నోసార్లు తాతా అని పిలిచింది గాని, పేరు అడగలేదు. మాస్టారు అడిగారు.

"రామభద్రమండి," అన్నాడాయన.

హైమ అక్కడే ఆగిపోయింది. "ఇది మీ చెరువా తాతా?"

"ఒకప్పుడు నాదేనమ్మా. ఇక్కడ తవ్వించినవాళ్ళ పేరే నిలుస్తుంది. తర్వాత కొన్నవాళ్ళ పేరు ఎవరూ పెట్టరు."

"మీరెంతవరకు చదివారు?"

ముసలాయన నవ్వాడు. "రాజుగారూ నేనూ ఒకే బెంచీ. తొమ్మిదిలో ఇద్దరం ఒకే రోజున బడి మానేశాం. సత్యవతీ పెదసుబ్బయ్యా అయితే అంతవరకూ కూడా రాలేదు."

హైమ రాజుగారి వైపు తిరిగింది. "మరి వీళ్ళు చెయ్యనిది మీరేం చేశారు?"

రాజుగారికి గొప్పలు చెప్పుకునే అలవాటుంది గాని, రామభద్రం ముందు అబద్ధమాడే అలవాటు లేదు. ఉన్నదే చెప్పారు. "రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడు నాకు అప్పు పుట్టలేదమ్మా. రొయ్యపిల్ల కొనలేక చెరువు ఎండబెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. వీళ్ళకి అప్పు పుట్టింది, పిల్ల వదిలారు, సర్వం పోయింది. మరుసటేడు అప్పు లేనివాణ్ణి ఈ గట్టు మీద నేనొక్కణ్ణే. షావుకార్లంతా పిలిచి మరీ అప్పిచ్చారు. వీళ్ళ చెరువులు నేను తీసుకున్నాను."

"ఆ మాట మా కాలేజీలో చెప్పలేదేం?"

"చెబితే చప్పట్లు ఎవరు కొడతారు?"

"అసలు ఆ తెగులు ఎందుకొచ్చింది?"

"వచ్చింది. ఎందుకంటే ఎవరికి తెలుసు? మళ్ళీ రాకూడదని ఏటా గంగాలమ్మకి మొక్కు తీరుస్తున్నాను." అని, ఆయన కాలవకు అవతల కొత్తగా తవ్విన చెరువు చూపించారు. "అదిగో, నీదే. ఊఁ అంటే రేపే పిల్ల వదులుదాం. అందరూ హైమ చెరువు అంటారు."

ఆయన ఆ మాట ఎంతో ఆప్యాయంగా అన్నారు. హైమ మాత్రం మోటారు వైపు చూసింది. రామభద్రం తన పేరున్న చెరువుకి నీళ్ళు తిప్పుతున్నాడు. భయం వేసింది. ఆ భయం వెనకే మొండితనమూ వచ్చింది. ఆమె సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఒలకబోసి, గట్టు దిగి కాలవ నీటితో నింపింది.

"ముందు ఈ నీళ్ళలో ఏముందో తేల్చుకుంటాను రాజుగారూ. చదువు పూర్తి చేసి వస్తాను."

"అప్పటిదాకా నేను ఆగనమ్మా. వాటా ఇంకొకరికి పోతుంది."

"పోనివ్వండి. ఇంకోచోట మొదట్నుంచీ మొదలుపెడతాను. డబ్బు మీద నాకు ఆశ చావలేదు." అని సీసా మూత గట్టిగా బిగించింది. రాజుగారే బస్సు దాకా వచ్చి ఎక్కించారు.

తిరుగు ప్రయాణంలో ఆమె సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతికందిన చెరువు పోయినందుకు దారిలో ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.  మాస్టారి ఇంటి గుమ్మం దగ్గర ఉండబట్టలేక అడిగింది. "చదువు పూర్తి చేస్తే నాకు అంత డబ్బూ వస్తుందంటారా?"

మాస్టారు ఈసారి చెప్పులు విడిచారు.

"దానికి నిన్ను ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియదమ్మా," అన్నారు. "నీకు తెలిసిన రోజున కబురు చెయ్యి. చెప్పులు వేసుకుని వస్తాను."