ఏదీ మాగని కోనలో మాగులమ్మ వెలసిన వైనం

నల్లమల తూర్పు అంచున సుంకన్న కొట్టాల దాటిన తరువాత బండ్లబాట సన్నబడి, పాలవాగు వెంట కొండల నడుమకు దిగుతుంది. అక్కడి నుండి నడకే. వెదురు పొదల మధ్య పొద్దు బాగా ఎక్కేదాకా మంచు విడవదు. ముందు నడిచేవారి మాట వినిపిస్తుంది గాని మనిషి కనిపించడు. వాగు మలుపు తిరిగినచోట మాగులమ్మ తల్లి సన్నిధి ఉన్నది. గోపురం లేదు, కప్పు లేదు. మోకాలెత్తు రాతికట్టు నడుమ పసుపు కుంకుమలు అలదిన నల్లని మట్టిదిబ్బ, అదే మూలవిరాట్టు. శిలారూపం లేని ఈ తల్లి ఇక్కడ వెలసిన తీరును పెద్దలు చెప్పినట్లుగా విన్నవిస్తున్నాము.

పూర్వం ఇక్కడ సుంకన్న అనే పశువుల కాపరి, అతని భార్య బాలక్క కొట్టం వేసుకొని ఆవులను మేపుకుంటూ ఉండేవారు. వారికి తులశమ్మ అని ఒక్కతే కూతురు. అప్పుడప్పుడే మాటలు నేర్చి లేగదూడలకు పేర్లు పెట్టి పిలిచే వయసు. ఒక వానాకాలం ఆ పిల్లకు జ్వరం వచ్చింది. తగ్గినట్లే తగ్గి తిరగబెట్టింది. తల్లి ఒడిలోనే కన్నుమూసింది. సుంకన్న వాగు ఒడ్డున గుంట తీసి, ఆకులు పరిచి, బిడ్డను పడుకోబెట్టాడు. మట్టి కప్పబోతే బాలక్క అడ్డం పడింది.

"పిడికెడు మన్ను కూడా పొయ్యొద్దు. పురుగులు తినేదానికేనా దీన్ని నేను కనింది?" అని ఆమె కొండవైపు తిరిగి చేతులెత్తింది. ఆ కొండలో ఒక తల్లి ఉన్నదని అందరూ అనేవారు గాని ఆమె పేరు ఎవరికీ తెలియదు. "తల్లీ, నా బిడ్డ చెడిపోకూడదు. ఈ కోనలో ఏదీ చెడిపోకూడదు."

వాన వెలిసింది. తడిమట్టి వాసనతో గాలి ఒకటి కొండ దిగి వచ్చి, కోనంతా తిరిగి, ఆగిపోయింది. "అట్లే కానీ" అన్న మాట బాలక్కకు ఒక్కదానికే వినబడింది.

ఆనాటి నుండి కోన ఒక కలలాగా అయింది. తులశమ్మ ఆకుల పాన్పు మీద నిద్రపోతున్నట్లే ఉండేది. ఆమె జడలో పెట్టిన అడవిమల్లెలు వాడలేదు. చెట్టు నుండి రాలిన ఆకు రాలిన రంగుతోనే నేల మీద మెరిసేది. నేలకొరిగిన పావురం మెడ మీద నీలి మెరుపు అలాగే నిలిచింది. బాలక్క ప్రతి ఉదయం వచ్చి కూతురి తల దువ్వి, పక్కన కూర్చుని పాటలు పాడేది. మంచులో ఆ పాట వాగు వెంట చాలా దూరం పోయేది.

మొదట తేడా పడింది పాలలో. తోడు వేసిన పాలు పెరుగు కాలేదు. అంబలి పులవలేదు. పేడ ఎక్కడ పడినది అక్కడే రాయిలాగా ఉండిపోయింది. పేడపురుగులు, చెదలు, వానపాములు తినడానికి ఏమీ లేక కోన విడిచి వెళ్ళాయి. వాటిని ఏరుకు తినే గొర్రింకలు వెళ్ళాయి. పుట్టలు తవ్వే ఎలుగుబంటి వాటి వెనుకే కొండ దాటింది. రాలిన ఆకులు ఒకదాని మీద ఒకటి పేరుకుని నేలను కప్పివేశాయి. చెట్టు రాల్చినది తిరిగి చెట్టుకు అందలేదు. కొత్త చిగురు పాలిపోయి వచ్చింది, ఆపైన అదీ రాలేదు. గడ్డి మొలవలేదు. ఉన్న కాస్త గడ్డి మేసినా ఆవుల కడుపులో అరగలేదు. అవి డొక్కలు ఎగరేస్తూ, తులశమ్మ పెట్టిన పేర్లతో పిలిచినా లేవలేక పడి ఉండేవి.

బాలక్క అప్పటికి మళ్ళీ నీళ్ళోసుకుని ఉన్నది.

"కొండ అవతలికి పోదాం పా" అన్నాడు సుంకన్న. "ఆవులు సస్తాండాయి. కడుపులో ఉండేదానికన్నా అన్నం పెట్టాల గదా?"

"దీన్ని ఒగదాన్నే ఇడ్సిపెట్టి నేను యాడికొచ్చేది? నువ్వు పో."

"నేను మటుకు మిమ్మల్ని ఇడ్సిపెట్టి యాడికి పోతా" అని అతడు కొట్టం ముందు చతికిలబడ్డాడు. అంతవరకు కంటతడి పెట్టని మనిషి ఆ రోజు ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నం బాలక్క కూతురి పక్కనే పడుకుని కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ కనిపించింది. మోచేతుల దాకా నల్లని మట్టి. ఎండుటాకులు, ఈకలు, ఎముకలు, పేడ ఒడిలోకి తీసుకుని బిడ్డకు అన్నం కలిపినట్లు నెమ్మదిగా కలుపుతూ ఉన్నది. ఆమె వేళ్ళ సందుల్లో నుండి లేతమొలకలు తలలెత్తుతున్నాయి. చూస్తూ ఉండగానే ఆ ఒడి ఖాళీ అయిందని, చేతులు ఊరికే కదులుతున్నాయని బాలక్క గమనించింది.

"నీకిచ్చిన వరం బిడ్డా. వద్దని నువ్వే చెప్పాల" అన్నది ముసలమ్మ.

"వద్దంటే నా తులశమ్మను ఏం చేస్తావు?"

"పోగొట్టను. పంచుతాను."

బాలక్క కలలోనే కూతురి జడ నిమిరింది. తరువాత, "మెల్లగా చెయ్యి తల్లీ. దానికి మోటుచేతులు గిట్టవు" అన్నది.

మెలకువ వచ్చింది. ఆమె కూతురి తల చివరిసారి దువ్వి, తన చేతులతోనే మన్ను కప్పింది. సుంకన్న కంబళిలో మట్టి మోసుకొచ్చి పోశాడు. మరునాటికి ఆ మట్టి మీద ఒక పేడపురుగు కనిపించింది. బాలక్క దాన్ని చూసి చెయ్యి ఎత్తింది గాని తరమలేదు. ఆకులు నల్లబడ్డాయి. నేల వాసన తిరిగి వచ్చింది. ఒక ఉదయం కుండ మూత తీస్తే పాలు పెరుగై ఉన్నాయి. ఆ కుండ ముందు కూర్చుని ఆమె బిగ్గరగా ఏడ్చింది.

వానకు గడ్డి లేచింది, పుట్టగొడుగులు లేచాయి, గొర్రింకలు దిగాయి. ఆవులు ఒక్కొక్కటే నిలబడ్డాయి. బాలక్కకు ఆడపిల్ల పుట్టింది. పసిదాన్ని ఎత్తుకుని ఆమె పెద్దదాన్ని వెతుక్కుంటూ వచ్చింది. గుంట ఎక్కడ తీశారో ఆనవాలు చిక్కలేదు. అంతటా పచ్చగా ఉన్నది. ఇది నా బిడ్డ అని ఒక్క మొక్కను వేలు పెట్టి చూపలేక, ఆమె ఆ పచ్చదనమంతా చూస్తూ నిలబడింది. అన్నిటినీ మాగబెట్టి మన్ను చేసే తల్లి గనుక పేరు తెలియని ఆ దేవతను మాగులమ్మ అని మొదట పిలిచింది ఆమెయే. దిబ్బ పోసి పసుపు పెట్టింది కూడా ఆమెయే.

నేటికీ ఈ సన్నిధిలో అర్చన చేసేది బాలక్క వంశపు ఆడపడుచులే. భక్తులు వాడిన పూలు, ఎండుటాకులు తెచ్చి దిబ్బ పక్కనున్న గుంటలో సమర్పిస్తారు. తాజా పూలు తల్లికి పెట్టరాదు. చేలు సారం తప్పినవారు, పాడి తగ్గినవారు మొక్కుకుంటే మేలు జరుగుతుందని నమ్మకం. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కూడా వస్తారు. వారు బిడ్డ పేరు పైకి చెప్పి గుంటలో దోసెడు ఆకులు వేస్తారు. వారి దుఃఖం పూర్తిగా తీరుతుందని ఇక్కడ ఎవరూ మాట ఇవ్వరు. మాగుతుందని మాత్రం చెబుతారు.

ప్రసాదంగా ఇచ్చేది గుంటలోని నల్లమట్టి. కొందరు దానిని కొంగున ముడివేసుకుని పూజగదిలో దాచుకోబోతే అర్చకురాలు చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

"దాచుకోవద్దమ్మా. పోతా పోతా యాడన్నా చెట్టు మొదట్లో ఎయ్యి."