శెట్టిగారి ఎర్రాకుల తీగ

అనగనగా అంటాను, మీరు ఊఁ అనండి మరి. కొండల దిగువ పట్టణంలో గురవయ్య శెట్టి అని ఒక వర్తకుడు. దారిన పోయేవాళ్లంతా ఆగి తన ఇంటిని చూడాలి, ఆహా అనాలి. అదీ ఆయన పిచ్చి!

ఒకసారి కొండల అవతల నుంచి ఒక తీగ తెప్పించి గోడవార నాటాడు. శరదృతువు రాగానే దాని ఆకులు కుంకుమరంగు తిరుగుతాయి. పాకిందయ్యా పాకింది! మూడేళ్లలో గోడ దాటి, పక్కింటి నాంచారమ్మ పెంకుల మీదికెక్కింది.

నాంచారమ్మ మగ్గం నేసుకుని బతికే ముసలమ్మ. "శెట్టిగారూ, తీగ నా కిటికీ దాకా వచ్చింది. కాస్త కోయించండి బాబూ" అంది.

"చిగుళ్లు వేసేవేళ కోస్తారా అవ్వా?" అన్నాడు శెట్టి.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. "సగం కిటికీ మూసుకుపోయింది. పోగులు కంటికి ఆనడం లేదు. పోనీ, నేనే కోసుకోనా?"

"ఒక్క ఆకు తుంచావంటే ఊరుకోను!"

శరత్తులో మూడోసారి వచ్చేసరికి కిటికీ అంతా కమ్మేసింది. "మగ్గం ఆగితే నా పొయ్యి వెలగదు శెట్టిగారూ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"రాజుగారు ఈ తీగ చూడ్డానికి వస్తున్నారు. ఈ నాలుగు రోజులూ ఓర్చుకో" అని తలుపేసుకున్నాడు. ఎంత కఠినుడో చూడండి!

రాజుగారు వచ్చారు. శెట్టి గోడ మీద చెట్ల నీడ, అక్కడ ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. ఎరుపంతా ఎండ తగిలే నాంచారమ్మ ఇంటి మీదే. "బయటే ఇంత బాగుంటే లోపల ఇంకెంత బాగుంటుందో!" అంటూ రాజుగారు ఆ ఇంట్లోకి నడిచారు. శెట్టి వెనకే పరిగెత్తాడు.

లోపల కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ముసలమ్మ పోగులు వేళ్లతో తడుముకుంటూ నేస్తోంది.

"కిటికీ మూసిందెవరమ్మా?" అని అడిగారు రాజుగారు.

శెట్టి గుమ్మం చాటుకు తప్పుకున్నాడు. నాంచారమ్మ మాత్రం, "ఎవరో ముచ్చటపడి పెంచుకున్న తీగ మహారాజా. ఆకులు రాలితే వెలుతురు అదే వస్తుంది" అంది.

నాలుగు తిట్టినా బాగుండేది! శెట్టికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఆ తీగ నాది ప్రభూ. ఈవిడ మూడుసార్లు బతిమాలింది. మూడుసార్లూ నేనే పొమ్మన్నాను" అన్నాడు. రాజుగారు ఆ కిటికీ వైపు ఒకసారి చూసి బయటికి నడిచారు.

శెట్టి నిచ్చెన వేసి, కొడవలి పట్టి, ఊరంతా చూస్తుండగా తీగను తన చేతులతోనే కోశాడు. మగ్గం మీద ఎండ పడింది.

"పోగు కనిపిస్తోందా అవ్వా?" అన్నాడు, ఆమె ముఖం చూడలేక.

"కనిపిస్తోంది. ఇక దిగండి బాబూ, మంచినీళ్లు తాగుదురుగాని."

శెట్టి నిచ్చెన దిగి, ఆ నీళ్లు రెండు చేతులా అందుకున్నాడు.

అందుకే పిల్లలూ, పక్కింటి వెలుతురు మింగి మన ఇంటికి తెచ్చుకున్న అందం అందం కాదు, సిగ్గుచేటు.