గట్టిమేళం వేళకు పాటల పెట్టె

చింతలకోన అడవిలో పెళ్లంటే ఎద్దు ఈరన్న డోలు, కొంగ కాశయ్య సన్నాయి. ఆ డోలు మోగిందంటే కుందేళ్ల కాళ్లు నేల మీద నిలిచేవి కావు! బడిలో పిల్లలకు మేళం నేర్పేది కూడా వాళ్లిద్దరే. అలాంటి చోటికి నక్క జిత్తయ్య పట్నం నుంచి ఒక పాటల పెట్టె మోసుకొచ్చాడు. కొత్తొక వింత, పాతొక రోత కదా! ఆ ఏడు పెళ్లిళ్లన్నీ పెట్టె పాలయ్యాయి. బడి పెద్ద ఎలుగుబంటి గురవయ్య, మేళం పాఠం కూడా ఎత్తేశాడు. చివరికి తన కూతురి పెళ్లికీ పెట్టెనే మాట్లాడుకున్నాడు.

"ఈరన్న బావా, ఈసారి మీరు భోజనానికి వస్తే చాలు," అన్నాడు గురవయ్య, ఎద్దు మొహంలోకి చూడకుండా.

కాశయ్యకు ఏడుపొచ్చింది. "ఇంత పెద్ద పెళ్లికే లేని మేళం ఇంకెవరు పెట్టిస్తారు? ఇక మన మేళానికి నీళ్లొదులుకోవాల్సిందే. సన్నాయి పారేసి చేపలు పట్టుకుంటా!"

"పిలిచినాక పోవాలి గదా. పద, తినొద్దాం," అన్నాడు ఈరన్న. డోలును మాత్రం ఇంట్లోనే గోడకు తగిలించేశాడు.

పెళ్లి రోజు అడవంతా పందిట్లోనే! నక్క తానే పెళ్లికొడుకైనట్టు పెట్టె పక్కన నిలబడ్డాడు.

"గట్టిమేళం సంగతేంటయ్యా?" అని అడిగాడు పురోహితుడు చిలక శాస్త్రి.

"శుభలేఖలో ముహూర్తం చూసి పెట్టెకు చెప్పేశా శాస్త్రిగారూ. నిమిషం అటూ ఇటూ అవదు!"

నిజంగానే అవలేదు. వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పెట్టె ధనధనమని దద్దరిల్లింది. పందిరంతా భలే భలే అంది. నక్క తోక ఎగరేసి, లడ్ల వాసన పట్టుకుని భోజనాల వైపు నడిచాడు. తాళి కట్టేటప్పుడు మళ్లీ గట్టిమేళం కావాలని, దానికి గడియారం ఉండదని, శాస్త్రి సైగ చేసినప్పుడే మోగాలని ఆ తెలివిగలవాడికి తట్టనే లేదు.

పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. శాస్త్రి రెక్క ఎత్తాడు. "గట్టిమేళం! గట్టిమేళం!"

పెట్టె మాత్రం జోలపాట లాంటిదేదో సన్నగా పాడుతోంది. సరిగ్గా అప్పుడే, హోమం పొగకు పెళ్లికొడుకు తాత ముక్కు అదరడం మొదలుపెట్టింది. "హా... హా..."

గురవయ్య పందిరంతా కలియజూశాడు. తాళి కట్టే వేళ తుమ్ము వినపడిందా, మగపెళ్లివారు పీటల మీంచి లేచిపోతారు! "జిత్తయ్యా! ఎక్కడ చచ్చావయ్యా!"

ఈరన్న ఊరుకోగలడా? శాస్త్రి రెక్క లేవడం చూశాడో లేదో, పక్కనున్న ఖాళీ గంగాళాన్ని కొమ్ముతో బోర్లించి ముందుకాళ్లతో అందుకున్నాడు. ధణ ధణ ధణ ధణ! కాశయ్య రెక్క కింద నుంచి సన్నాయి ఎప్పుడు తీశాడో, దాని గొంతు ఆకాశానికి లేచింది! తాత తుమ్మనే తుమ్మాడు. పక్కనే ఉన్న అవ్వకు కూడా వినపడలేదు. మూడు ముళ్లూ పడ్డాయి. శాస్త్రి రెక్క దించగానే గంగాళం ఠక్కున ఆగింది. అబ్బ, ఏం మేళం అది! ముసలి తాబేలు కూడా గంతేసింది.

రెండు బుగ్గల్లో లడ్లతో నక్క పరుగెత్తుకొచ్చాడు. "విన్నారా నా పెట్టె దెబ్బ? మీ జన్మలో విన్నారా ఇలాంటి గట్టిమేళం?"

"వినలేదయ్యా," అన్నాడు గురవయ్య. "ఏదీ, ఇంకోసారి వాయించమను."

అందరూ పెట్టె వైపు చెవులు రిక్కించారు. పెట్టె ఇంకా ఆ జోలపాటలోనే ఉంది. పందిరి గొల్లుమంది! నక్క తోక ముడిచి, పెట్టె నెత్తికెత్తుకుని, ఎవరి కంటా పడకుండా జారుకున్నాడు.

గురవయ్య తన పట్టుకండువా తీసి ఈరన్న మెడలో వేశాడు. "పొరపాటైంది బావా. రేపట్నుంచి బడిలో మళ్లీ మేళం నేర్పాలి. పుట్టబోయే నా మనవలు కూడా నీ దగ్గరే నేర్చుకోవాలి."

"అలాగే బావా! ముందు మీ వంటాయనకు ఓ మాట చెప్పు," అన్నాడు ఈరన్న కళ్లు తుడుచుకుంటూ. "గంగాళం సొట్టపోయింది."

నీతి: మోగేదల్లా మేళం కాదు, సైగ చూసి వేళకు మోగేదే మేళం.