పుంజు కూతతో కుదిరిన ప్రాసెసర్

అడవి అంచున జరిగే సంతలో ఒక కట్టుబాటు ఉంది. పుంజు కూస్తే బేరం ఖాయం, ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. పెట్ట మాత్రం కూయకూడదు, గూటికి అరిష్టమట. ఎవరు చెప్పారయ్యా అంటే, పుంజులే చెప్పాయి.

పోచి అనే పెట్ట వీడియోలు ఎడిట్ చేయడం నేర్చుకుంది. కొంగలు నడిపే వార్తా చానల్ ఆమెకో పరీక్ష పెట్టింది. వరద దృశ్యాలన్నీ కత్తిరించి, కూర్చి, శనివారం మధ్యాహ్నానికల్లా పంపితే ఉద్యోగం. అంటే, గింజగింజకీ మొగుడి మొహం చూడక్కర్లేని బతుకు. ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకే రెక్క కింద పెన్‌డ్రైవ్ పెట్టుకుని, మొగుడు సింగన్నతో కలిసి నక్క గవరయ్య దుకాణానికి వచ్చింది.

"రండి బావగారూ!" అన్నాడు గవరయ్య పుంజు వైపే చూస్తూ. "చెల్లెమ్మకి దేనికండీ, వంటల వీడియోలు చూడ్డానికా?"

"చేయడానికి," అంది పోచి. "ఈ రెండు లాప్‌టాప్‌లలో ప్రాసెసర్లు ఏ తరానివి?"

గవరయ్య జవాబు పుంజుకి చెప్పాడు. "ఇది ఎనిమిది కోర్లు బావగారూ, అది ఆరే. మీ హోదాకి ఆరేమిటండీ?"

"ఎనిమిదే!" సింగన్న జుట్టు నిక్కబొడుచుకుంది.

"కోర్లు ఎక్కువైనా తరం పాతదైతే లాభం లేదు. పైగా ఇంత పల్చటి పెట్టెలో వేడెక్కితే వేగం పడిపోతుంది," అంది పోచి. "నా వీడియోలోని ఒక ముక్కే రెండిట్లో వేసి, పూర్తయ్యేదాకా చూద్దాం."

"అయ్యో, అలాగే చెల్లెమ్మా!"

రెండూ మొదలయ్యాయి. రెండు నిమిషాలకి ఎనిమిది కోర్లదే ముందుంది.

"చూశారా బావగారూ! ఇంకా నిలబడ్డం ఎందుకండీ, కాళ్ళు లాగవూ?"

"ఆగండి, ఇంకా వేడెక్కలేదు..." అంది పోచి.

సింగన్న మెడ చాచి కొక్కొరోకో అన్నాడు. సంత మొత్తం విన్నది.

ఐదో నిమిషానికి ఫ్యాన్ రొద పెట్టింది. ముందున్నది చతికిలబడింది. ఆరు కోర్లది దాన్ని దాటేసి, పని ముగించింది. పోచి చూసింది. గవరయ్యా చూశాడు, చూసి స్విచ్ ఆపేశాడు. కూత పోచి గొంతుదాకా వచ్చింది. చుట్టూ ఉన్న పుంజులన్నీ ఆమె ముక్కు వైపే చూస్తున్నాయి. ఆమె మింగేసింది.

శనివారం మధ్యాహ్నానికి వీడియో సగమే అయింది. "ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశామమ్మా," అంది ఫోన్‌లో కొంగ.

"ఎనిమిది కోర్లది కొనిపెట్టినా చేతకాలేదు దీనికి," అని సింగన్న ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. అవతల గవరయ్య అదే రకం పాత సరుకు ఇంకో పుంజుకి చూపిస్తున్నాడు.

పోచి పెన్‌డ్రైవ్‌ని రెక్క కింద పెట్టుకుని గూట్లో కూర్చుంది, పొదుగుతున్నట్టు. అందులోంచి ఇక ఏదీ రాదని ఆమెకు తెలుసు.

నీతి: ప్రాసెసర్‌ని అంకె చూసి కాదు, మన పనిని చివరిదాకా చేయించి ఎంచుకోవాలి, ఆ పని తెలిసినదాని నోరు నొక్కేసే చోట మాత్రం ఏ ప్రాసెసరూ అక్కరకు రాదు.