ఓబుళమ్మ గొర్రు, మూడిళ్ళ మేర

అనగనగా ఒక ఊళ్ళో, మరీ రాజుల కాలం కాదురా కన్నా, ఆ ఊళ్ళోకి ట్రాక్టరు వచ్చి పదిహేనేళ్ళయిన కాలంలో, ఓబుళమ్మ అనే రైతు ఉండేది. ఆవిడకు నాలుగెకరాల నల్లరేగడి, ఒక జత ఎద్దులు, కొట్టం అటక మీద ఒక పాత గొర్రు.

గొర్రె కాదు, గొర్రు. నువ్వెక్కడ చూశావులే. కొయ్య దిండుకి మూడు ఇనప పళ్ళు, వాటి వెనక మూడు వెదురు గొట్టాలు, పైన జడ్డిగం అని ఒక కొయ్య గిన్నె. ఎద్దులు లాగుతుంటే ఆడమనిషి వెనక నడుస్తూ గుప్పెట్లోంచి గింజలు అందులోకి వదుల్తుంది. ఒకేసారి మూడు సాళ్ళలో పడతాయి. ఆ వదలడం అందరికీ రాదు. మా మేనత్త కునికిపాట్లు పడుతూ కూడా ఒక్క గింజ తప్పేది కాదు. సరే, ఆవిడ కథ వేరే.

ఆ ఏడు జొన్న విత్తే అదునుకి ముసురు పట్టింది. రేగడి బంకలా అయింది. ట్రాక్టరు దిగాలంటే పది రోజులు ఆరాలి. అప్పటికి నేలలో తడి పదును పోతుంది. పదును పోతే ఆ ఏడు జొన్న లేదు, ఎద్దులకు మేతా లేదు. గొర్రు మాత్రం నాలుగో నాటికే దిగుతుంది.

అప్పుడు ఓబుళమ్మ గొర్రు కిందికి దించింది. దిండు చెద తినేసింది. పళ్ళు తుప్పు పట్టి అరిగిపోయాయి. గొట్టాలు పగిలిపోయాయి. జడ్డిగం ఒక్కటే నున్నగా మిగిలింది.

మొదట వడ్రంగి మౌనాచారి దగ్గరికి వెళ్ళింది. "ఆరు వేలు అవుతుందక్కా" అన్నాడు.

"ఆరు వేలా! కొయ్య పని చెబితే బంగారం పని ధర చెబుతావేంది?"

ఆ తర్వాత కమ్మరి కంబగిరి దగ్గరికి వెళ్ళింది. "కొలిమి రాజేసి నాలుగేళ్ళాయె. మూడు వేలు" అన్నాడు.

ఆ తర్వాత మేదరి సుంకులమ్మ దగ్గరికి. ఆవిడ పకపకా నవ్వింది. "వెదురు కొనలేక నేనే ప్లాస్టిక్ చేటలు అమ్ముకుంటున్నా వదినా. వెయ్యి ఇయ్యి, చూస్తా."

పది వేలు! ఓబుళమ్మ వీధంతా తిట్టుకుంటూ ఇల్లు చేరింది. ఇంటి ముందు జీపు. అందులోంచి టౌను హోటలాయన దిగి, గొర్రుని తడిమి తడిమి చూశాడు.

"విరిగింది విరిగినట్టే ఇయ్యండమ్మా, పది వేలిస్తా. మా హోటల్లో గోడకు వేలాడదీస్తాం."

విన్నావా కన్నా? విత్తడానికి బాగుచేయాలంటే పది వేలు ఖర్చు. విత్తకుండా వేలాడదీస్తే పది వేలు బహుమానం! ఓబుళమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఎల్లుండి రండి" అని మాత్రం అంది. అవసరం అట్లాంటిది మరి.

తెల్లారి మౌనాచారి మీదికే పోయింది. "మీ ముగ్గురి ధరల వల్లే నా గొర్రు గోడెక్కుతోంది. సిగ్గుండాలి!"

మౌనాచారి లేచి నిలబడ్డాడు. "ఎవరికక్కా? నీ కల్లంలో నువ్వన్న మాట మరిచిపోయినావా?"

మేర సంగతి చెప్పలేదు కదూ నీకు. పూర్వం వడ్రంగి, కమ్మరి, మేదరి రైతు పనిముట్లు ఏడాది పొడుగునా బాగుచేసేవాళ్ళు. పైసా అడిగేవాళ్ళు కాదు. పంట నూర్చిన రోజు కల్లం దగ్గరికి వస్తే తలా ఒక బుట్టెడు గింజలు కొలిచేవాళ్ళు. అదే మేర.

"ట్రాక్టరొచ్చిన ఏడు ముగ్గురం బుట్టలతో వచ్చాం. ట్రాక్టరుకి వడ్రంగితో పనేముంది, పొండి అన్నది నువ్వే. ఆ రోజు నీ గొర్రు అటకెక్కింది, నేను చెక్క చెక్కే బాడిసా ఎక్కింది. గొర్రుని దించినావు. నన్ను కూడా అంత సులువుగా దించుతావా?"

ఓబుళమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చింది. ఏడాది తిండికి దాచిన జొన్నలు మూడు బుట్టల్లో పోసింది. ఒక్కొక్క బుట్టే నెత్తిన పెట్టుకుని, వీధి నడిమధ్యలోంచి, మూడిళ్ళకీ మూడుసార్లు నడిచింది.

"మేర కల్లంలో తీసుకుంటాం గానీ ఇంటికి మోసుకొస్తారా ఎవరైనా?" అన్నాడు కంబగిరి.

"పదిహేనేళ్ళు మీరు నా కల్లానికి రాలేదు. అందుకే కల్లమే మీ ఇంటికొచ్చింది" అంది ఓబుళమ్మ.

మౌనాచారి చెక్కకైన డబ్బు ఇవ్వాల్సిందే అన్నాడు. మరి చెక్క ఊరికే వస్తుందా? కంబగిరి బొగ్గు ఖర్చు, సుంకులమ్మ వెదురు ఖర్చు తీసుకున్నారు. కూలి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మూడో నాటి సాయంత్రానికి గొర్రు లేచి నిలబడింది.

అప్పుడు జీపాయన వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, పాడుచేశారే! పాతదనమంతా పోయింది!"

"పాడైంది మీ గోడకి నాయనా, నా చేనుకి కాదు. జరుగు, ఎద్దులొస్తున్నాయి" అంది ఓబుళమ్మ.

నాలుగో నాడు విత్తనం పడింది. జొన్న ఏపుగా పండింది. కల్లంలో మొదటి మూడు బుట్టలూ తన ఇంటికి పోలేదు. ఎవరిళ్ళకు పోయాయో నువ్వే చెప్పు.

గొర్రు చేలోకి, గింజ సాల్లోకి,
మేర మూడిళ్ళకి, మేత ఎడ్లకి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.